పాత పెళ్ళి వీడియోలోంచి నాన్నగారి ఫొటో తీస్తుంటే ముఖం మీద గీతలు పడుతున్నాయి, ఏం చేయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. 1997లో మీ అక్కయ్యగారి పెళ్ళికి తీసిన వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ను ఆ తర్వాత డీవీడీ చేయించారు. నాన్నగారి సంవత్సరీకానికి 12×18 ఫొటో కట్టించాలి. ఇంట్లో ఉన్న ఫొటోల్లో ఆయన ముఖం సరిగ్గా లేదు, ఆ వీడియోలో మాత్రం చక్కగా ఉన్నారు. పాజ్ చేసి స్క్రీన్‌షాట్ తీస్తే ముఖం మీద దువ్వెన పళ్ళలాంటి అడ్డగీతలు వస్తున్నాయి, ముఖం కూడా వెడల్పుగా సాగినట్టు ఉంది. షాపువాళ్ళు ఏఐతో బాగుచేసి ఇచ్చినదేమో ఆయనలా లేదు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. గీతలు పూర్తిగా పోతాయి. ముఖం వెడల్పు కూడా కచ్చితంగా సరిచేయవచ్చు. రెండూ మీ కంప్యూటర్‌లోనే, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పనులే. 12×18 కాగితం నిండా ప్రింటు మాత్రం వేయించకండి. 6×8 ప్రింటు తీయించి, చుట్టూ మౌంటు బోర్డు వేసి 12×18 ఫ్రేములో కట్టించండి. గోడమీద హుందాగా ఉంటుంది, ముఖం ముఖంలా ఉంటుంది. ఎందుకో కింద లెక్కతో సహా రాశాను.

అన్నిటికంటే ముఖ్యం: మంచి ఫొటో సాఫ్ట్‌వేర్‌లోంచి రాదు. వీడియోలో ఆయన కదలకుండా నిలబడిన రెండు సెకన్లు దొరికితే అక్కడినుంచి వస్తుంది. మీ సమయంలో ఎక్కువ భాగం ఆ రెండు సెకన్లు వెతకడానికే పెట్టండి.

గీతలు ఎందుకు వస్తున్నాయంటే

మన దేశంలో అప్పటి టీవీలు, వీడియో కెమెరాలు పాల్ అనే టీవీ ప్రమాణం పద్ధతివి. సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో కనబడే గీతలు 576. కానీ ఆ 576 గీతలూ ఒకే క్షణంలో తీసినవి కావు. ముందు బేసి సంఖ్య గీతలు 288, ఆ తర్వాత సెకనులో 50వ వంతు గడిచాక సరి సంఖ్య గీతలు 288. ఈ సగం బొమ్మనే ఫీల్డు అంటారు. ఆ కాస్త వ్యవధిలో మీ నాన్నగారు తల తిప్పితే, ఒక ఫీల్డులో ముక్కు ఒకచోట, రెండో ఫీల్డులో పక్కన పడుతుంది. పాజ్ చేసినప్పుడు రెండు ఫీల్డులూ కలిపి చూపిస్తుంది కాబట్టి అంచులన్నీ దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. ఇది పాడైపోయిన బొమ్మ కాదు, రెండు మంచి సగం బొమ్మలు ఒకదానిలో ఒకటి ఇరుక్కున్నాయి, అంతే. వాటిని విడదీయడాన్నే డీఇంటర్లేస్ అంటారు.

విడదీశాక మీకు సెకనుకు 25 కాదు, 50 బొమ్మలు దొరుకుతాయి. కళ్ళార్పే క్షణాన్ని తప్పించుకోవడానికి ఇది ఎంతో అక్కరకొస్తుంది.

వీడియో ఎక్కడినుంచి తీసుకోవాలి

డీవీడీని కంప్యూటర్‌లో పెట్టి, అందులోని వీడియో టీఎస్ అనే ఫోల్డరును మొత్తంగా హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. అందులో వీఓబీ ఫైళ్ళు ఉంటాయి, ఒక్కోటి ఒక జీబీకి మించదు. అసలు సరుకు అదే. ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో ఎంపీ4 చేసిచ్చి ఉంటే దాన్ని వాడకండి. మార్చేటప్పుడు చాలామంది రెండు ఫీల్డులనూ కలిపి రుద్దేస్తారు. అప్పుడు కదిలిన చోటల్లా నీడలా రెండు ముఖాలు పడతాయి, వాటిని ఇక విడదీయలేం. వాట్సాప్‌లో వచ్చిన ముక్క అయితే అసలే వద్దు.

అసలు క్యాసెట్ ఇంట్లో ఉందా చూడండి. ఉంటే ఇంకా మంచిది. 4.7 జీబీ డిస్కులో మూడు గంటల పెళ్ళి కుక్కితే సెకనుకు మూడున్నర మెగాబిట్ల లోపే దక్కుతుంది, హోమం పొగ దగ్గరా, తలంబ్రాల దగ్గరా బొమ్మ చతురస్రపు ముక్కలుగా విరిగిపోతుంది. అదే క్యాసెట్‌ను మళ్ళీ ఎక్కించేటప్పుడు గంటకు ఒక డిస్కు లెక్కన చేయమని చెప్పండి, లేదా నష్టం లేని ఫార్మాట్‌లో నేరుగా కంప్యూటర్‌లోకి తీసుకోమనండి. క్యాసెట్లు రెండు రకాలు ఉండొచ్చు: మిక్సింగ్ చేసి పాటలు, పూల ఫ్రేములు, పేర్లు వేసినది ఒకటి, కెమెరాలో పెట్టి తీసిన అసలుది ఇంకొకటి. అసలుదే కావాలి. వీహెచ్‌ఎస్‌లో ఒక కాపీ తీసిన ప్రతిసారీ వివరం తగ్గుతుంది, రంగులు పక్కకు జరుగుతాయి.

ఒక జాగ్రత్త. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట అంచును వెలుతురులో చూడండి. తెల్లటి బూజు మచ్చలు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకండి. కోస్తా తేమకు ఇది మామూలే. బూజు పట్టిన టేపు ఆడిస్తే టేపును చదివే హెడ్డు మూసుకుపోతుంది, టేపు చిరిగే ప్రమాదమూ ఉంది. ముందు శుభ్రం చేసే వాళ్ళకు ఇవ్వండి. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది, కాబట్టి బాగా పనిచేసే యంత్రం ఉన్నవాళ్ళను వెతికి పట్టుకుంటే ఈ పని ఇక వాయిదా వేయకండి.

ఏ క్షణం ఎంచుకోవాలి

అందరూ కన్యాదానం దగ్గర ఆపి చూస్తారు. అది ఫొటోకి పనికొచ్చే చోటు కాదు. తండ్రి తల వంచి నీళ్ళు వదులుతుంటాడు, పురోహితుడు చెప్పిన మంత్రం తిరిగి చెబుతూ ఉంటాడు కాబట్టి నోరు సగం తెరిచే ఉంటుంది. పైగా వీడియో లైటు అతి దగ్గరనుంచి కొడుతుంది.

మీరు వెతకాల్సింది గ్రూపు ఫొటోలు తీసే ఘట్టం. వధూవరుల పక్కన నిలబడి, ఫొటోగ్రాఫర్ వంక చూస్తూ, ఊపిరి బిగబట్టినట్టు రెండు మూడు సెకన్లు ఎవ్వరూ కదలరు. వీడియో తీసే మనిషి సరిగ్గా ఆ సమయంలోనే పక్కనుంచి వరుసగా ముఖాలన్నీ చూపిస్తాడు. కొన్నిసార్లు జూమ్ చేసి ఒక్కొక్కరి దగ్గర ఆగుతాడు. అక్కడ ఫొటో ఫ్లాష్ వెలిగితే పాజ్‌లో విచిత్రంగా ఒక గీత తెల్లగా, ఒక గీత మామూలుగా కనబడుతుంది, కంగారు పడకండి. ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యో వంతు లాంటి అతి చిన్న సమయం మాత్రమే ఉంటుంది కాబట్టి ఒక్క ఫీల్డు మీదే పడింది. ఫీల్డులు విడదీశాక ఆ తెల్లబోయిన ఒక్కదాన్ని పక్కన పడేస్తే సరి.

ఇంకో మంచి చోటు: ఆయన కూర్చుని ఎవరి మాటో వింటున్నప్పుడు. వినే మనిషి ముఖం నిమ్మళంగా ఉంటుంది.

ముఖం మీద వెలుగు చూసుకోండి. నుదురు, చెంప పూర్తిగా తెల్లబడిపోతే ఆ భాగంలో సమాచారమే లేదు, ఎంత నల్లబరిచినా బూడిదరంగు మచ్చ వస్తుంది తప్ప చర్మం రాదు. కొంచెం చీకటిగా ఉన్న ఫ్రేమును వెలుతురు చేయవచ్చు. అందుకని రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే చీకటిగా ఉన్నదే తీసుకోండి. లైటు పట్టుకున్న మనిషి పక్కకు తిరిగిన క్షణాలు చాలాసార్లు అద్భుతంగా ఉంటాయి.

తీసే పద్ధతి

కొత్తవాళ్ళకు వీఎల్‌సీ ప్లేయరు చాలు. టూల్స్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి, వీడియో విభాగంలో స్నాప్‌షాట్ల ఫార్మాట్ పీఎన్‌జీ అని పెట్టండి. జేపీజీ వద్దు, అసలే బలహీనమైన బొమ్మను మళ్ళీ కుదించినట్టవుతుంది. ఎక్కడ సేవ్ కావాలో ఫోల్డరు కూడా అక్కడే ఇవ్వండి. తర్వాత వీఓబీ ఫైలు తెరిచి, వీడియో మెనూలో డీఇంటర్లేస్ ఆన్ చేసి, మోడ్‌లో యాడిఫ్ 2ఎక్స్ (ప్రతి ఫీల్డునూ ఒక బొమ్మగా విడదీసే పద్ధతి) ఎంచుకోండి. కావలసిన చోటికి ఒక సెకను ముందే పాజ్ చేసి, ఇంగ్లిషు ఈ అక్షరం మీట నొక్కుతూ పోతే ఒక్కో బొమ్మే ముందుకు కదులుతుంది. నచ్చినచోట షిఫ్ట్ పట్టుకుని ఎస్ నొక్కితే బొమ్మ సేవ్ అవుతుంది. ఒక్కటి కాదు, ఆ రెండు సెకన్లలో కనీసం పది పదిహేను తీసి పెట్టుకోండి, ఎందుకో కింద చెప్తాను.

ఆదేశాలు టైపు చేయడం అలవాటున్నవాళ్ళకు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాము ఇంకా సుఖం. ముందు ఆ చిన్న ముక్కను మాత్రమే వేరుచేసుకోండి, ఎందుకంటే వీఓబీల్లో సమయం గుర్తులు మధ్యమధ్యలో తిరిగి మొదలవుతాయి, చెప్పిన చోటికి కాక ఇంకెక్కడికో పోతుంది. తర్వాత బీడబ్ల్యూడిఫ్ లేదా యాడిఫ్ అనే డీఇంటర్లేస్ ఫిల్టరును మోడ్ 1లో పెట్టండి. అంటే ప్రతి ఫీల్డుకూ ఒక బొమ్మ. నాలుగు సెకన్లకు 200 పీఎన్‌జీలు ఫోల్డరులో పడతాయి. వాటిని చిన్న బొమ్మలుగా పరిచి చూస్తే రెండు నిమిషాల్లో మంచివి తేలిపోతాయి.

బొమ్మలు వరుసగా చూస్తున్నప్పుడు కదలిక రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కు పడుతున్నట్టుంటే ఫీల్డుల క్రమం తిరగబడిందని అర్థం. డీవీడీల్లో మామూలుగా పై ఫీల్డు ముందు వస్తుంది, మినీ డీవీ అనే చిన్న డిజిటల్ క్యాసెట్లలో కింది ఫీల్డు ముందు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఆ క్రమాన్ని మీరే చెప్పి మళ్ళీ తీయండి.

ముఖం వెడల్పు సంగతి

ఇక్కడ రెండు వేర్వేరు తప్పులు జరుగుతాయి. పాత వీడియో 4:3 ఆకారంలో ఉంటుంది. దాన్ని వెడల్పు టీవీ నిండేలా సాగదీస్తే మనిషి మూడోవంతు లావుగా కనిపిస్తాడు. మీ స్క్రీన్‌షాట్‌లో జరిగింది ఇదే. రెండోది దీనికి వ్యతిరేకం: డీవీడీలో బొమ్మ 720×576 చుక్కలుగా నిల్వ ఉంటుంది, ఆ చుక్కలు చతురస్రాలు కావు. ఉన్నది ఉన్నట్టు తెరిస్తే ముఖం ఆరు శాతం సన్నబడుతుంది. పరాయివాళ్ళకు తెలియదు గానీ, ఇంట్లోవాళ్ళకు 'ఏదో తేడాగా ఉంది' అనిపిస్తుంది.

సేవ్ అయిన బొమ్మ కొలతలు చూడండి. 720×576 ఉంటే, ఎత్తు కదపకుండా వెడల్పును 768 చేయండి. 768×576 ఉంటే ముట్టుకోకండి. బొమ్మ అడుగున ఎనిమిది పది గీతలు వంకరగా, చెదిరిపోయి ఉంటాయి. వీసీఆర్ హెడ్డు మారే చోట పడే గందరగోళం అది, కత్తిరించేయండి.

పది బొమ్మల్ని ఒకటి చేయడం

ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, అతి తక్కువమంది చేసేదీ ఇదే. వీహెచ్‌ఎస్ బొమ్మ మీద ఎప్పుడూ ఇసుక చల్లినట్టు రవ్వలు కదులుతుంటాయి. ఒక్క ఫ్రేము చూస్తే అవి ముఖం మీద గరుకుగా అతుక్కుని కనిపిస్తాయి. కానీ ఒక ఫ్రేములో ఉన్న రవ్వ పక్క ఫ్రేములో అక్కడే ఉండదు, మనిషి మాత్రం అక్కడే ఉంటాడు. కాబట్టి ఆయన కదలకుండా ఉన్న 9 బొమ్మల సగటు తీస్తే రవ్వలు మూడోవంతుకు పడిపోతాయి, 16 తీస్తే నాలుగోవంతుకు. బేసి ఫీల్డుల బొమ్మలు, సరి ఫీల్డుల బొమ్మలు రెండూ కలుస్తాయి కాబట్టి విడదీసినప్పుడు పోయిన నిలువు వివరం కూడా చాలావరకు తిరిగొస్తుంది. కనురెప్పల అంచు, మీసంలో తెల్ల వెంట్రుకలు, కళ్ళజోడు సన్నటి ఫ్రేము, అంతవరకూ మసగ్గా ఉన్నవన్నీ ఒక్కసారిగా తేటపడతాయి.

ఫొటోషాప్ ఉంటే ఫైల్ మెనూలో స్క్రిప్ట్స్ కింద 'లోడ్ ఫైల్స్ ఇన్‌టు స్టాక్' తీసుకుని, బొమ్మల్ని వాటంతటవే సర్దుకునే గడికి టిక్ పెట్టి, స్మార్ట్ ఆబ్జెక్టుగా మార్చి, స్టాక్ మోడ్‌లో మీడియన్ గాని మీన్ గాని ఎంచుకోండి. ఉచితంగా దొరికే జింప్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో అయితే అన్నిటినీ లేయర్లుగా తెరిచి, ముందు ప్రెసిషన్‌ను 32 బిట్ చేసి, అడుగు లేయరు అపారదర్శకత (ఓపాసిటీ) 100, దాని పైది 50, ఆ పైది 33, తర్వాత 25, 20, ఇలా పెడుతూ పోవాలి. కెమెరా కాస్త ఊగి ఉంటే కళ్ళు కలిసేలా ఒక్కో లేయరునూ జరుపుకోవాలి. ఓపిక కావాలి గానీ కష్టమేం కాదు. ఆయన తల తిప్పుతున్నప్పుడు తీసిన బొమ్మలను మాత్రం కలపకండి, ముఖం పేస్టులా సాగుతుంది. కలపడానికి మూడే దొరికితే మూడే కలపండి.

బొట్టు పక్కకు జరిగిందా?

మీ బొమ్మను పెద్దది చేసి నుదుటి దగ్గర చూడండి. కుంకుమబొట్టు ఎరుపు, బొట్టు ఉన్నచోటునుంచి కాస్త కుడికీ కిందికీ జరిగి చర్మం మీద పాకి ఉంటుంది. పంచె అంచు ఎరుపు కూడా తెల్లబట్ట మీదికి కారినట్టు ఉంటుంది. వీహెచ్‌ఎస్‌లో వెలుగునీడలకు దొరికే చోటుతో పోలిస్తే రంగుకు దొరికేది చాలా తక్కువ, పైగా అది కాస్త ఆలస్యంగా వస్తుంది. దీనికి మందు సులువే. జింప్‌లో కలర్స్ మెనూలో కాంపొనెంట్స్ కింద డీకంపోజ్ తీసుకుని ల్యాబ్ ఎంచుకోండి. ఎల్ అన్నది వెలుగునీడల పొర, దాన్ని కదపకండి. ఏ, బీ అనే రెండు రంగు పొరలను మాత్రం ఎడమకు రెండు నుంచి నాలుగు పిక్సెళ్ళు, పైకి ఒకటో రెండో జరిపి, రెండు పిక్సెళ్ళ మేర మసకచేసి, రీకంపోజ్ కొట్టండి. బొట్టు నుదుటిమధ్యకు వచ్చి కూర్చుంటుంది. ఈ ఒక్క సవరణతో బొమ్మ పదేళ్ళు కొత్తదైనట్టు కనబడుతుంది.

ఏఐ గురించి నా నిశ్చితాభిప్రాయం

షాపులో చేసింది ఆయనలా లేకపోవడానికి కారణం ఉంది. ముఖాలను బాగుచేసే ఆ ప్రోగ్రాములు ఉన్న వివరాన్ని బయటికి తీయవు. లక్షల ముఖాలు చూసి నేర్చుకున్నదాన్నిబట్టి 'ఇక్కడ కన్ను ఇలా ఉండొచ్చు' అని కొత్తగా గీస్తాయి. అసలు బొమ్మలో కంటికీ కంటికీ మధ్య ఇరవై ముప్ఫై చుక్కలే ఉంటే ఆ కళ్ళు మీ నాన్నగారివి కావు, ఎవరివో. పళ్ళ వరుస సరిచేస్తుంది, పుట్టుమచ్చ చెరిపేస్తుంది, ముడతలు తీసేస్తుంది. పుట్టుమచ్చా ముడతలే ఆయన ముఖం.

పూర్తిగా మానమని అనను. కోడ్‌ఫార్మర్ లాంటి వాటిలో అసలుకు ఎంత దగ్గరగా ఉండాలో చెప్పే మీట ఉంటుంది, దాన్ని 1 వైపు పూర్తిగా జరపండి. వచ్చిన బొమ్మను అసలు బొమ్మ మీద ఒక పొరగా వేసి, 20 నుంచి 30 శాతమే కనబడనివ్వండి. కళ్ళు, నోరు ఉన్నచోట ఇంకా తగ్గించండి. అయ్యాక రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టి, ఏది ఏదో చెప్పకుండా అమ్మగారికి చూపించండి. ఆవిడ చెయ్యి ఏ ఫొటో మీదికి వెళ్తే అదే కట్టించండి.

సైజు లెక్క

బొమ్మ పూర్తి ఎత్తు 576 గీతలు. 18 అంగుళాల ఎత్తుకు సాగదీస్తే అంగుళానికి 32 గీతలు. 8 అంగుళాలకైతే 72. రెండు మీటర్ల దూరంనుంచి మామూలు చూపున్న మనిషి అంగుళానికి సుమారు 44 గీతల దాకా విడివిడిగా చూడగలడు, మూడు మీటర్లనుంచి 29 దాకా. నిలువులో 6×8 నిక్షేపంగా సరిపోతుంది. అడ్డంగా మాత్రం వీహెచ్‌ఎస్ వివరం ఇంకా తక్కువ, తెర వెడల్పు మొత్తానికి నిజంగా దక్కేది దాదాపు 320 చుక్కలంత. 6 అంగుళాల వెడల్పుకు కత్తిరించుకున్నాక అంగుళానికి 30 మిగులుతుంది. చేతిలో పట్టుకుంటే మెత్తగానే ఉంటుంది గానీ, హాల్లో గోడమీద మూడు మీటర్లనుంచి చూస్తే బాగుంటుంది. బల్లమీద దగ్గరగా పెట్టుకోవడానికి 4×6 చాలు. 12×18 ఫ్రేములో 6×8 పెడితే పక్కల మూడేసి, పైనా కిందా ఐదేసి అంగుళాల మౌంటు వస్తుంది, లేతరంగు బోర్డు వేయించండి.

ల్యాబుకు ఇచ్చేముందు మీరే 1800×2400 పిక్సెళ్ళకు పెంచి ఇవ్వండి. అప్పుడు 6×8కి అంగుళానికి 300 సరిపోతుంది. జింప్‌లో నోహాలో, లోహాలో పద్ధతి ఎంచుకుంటే నునుపుగా పెరుగుతుంది. పదును పెట్టడం పెంచిన తర్వాతే, అదీ కొంచెమే. వీహెచ్‌ఎస్ కెమెరాలే అంచుల చుట్టూ తెల్లగీత వేసి ఉంచుతాయి, మీరు ఇంకా పదును పెడితే ఆ తెల్లగీత భుజం చుట్టూ సున్నం పూసినట్టు తేలుతుంది. అన్నీ అయ్యాక సన్నటి గ్రెయిన్ కొద్దిగా కలపండి. రవ్వలు పోగొట్టి మళ్ళీ రవ్వలు చల్లడమేమిటి అనిపిస్తుంది గానీ, మరీ నున్నగా ఉన్న చర్మం కాగితం మీద మైనపుబొమ్మలా పడుతుంది. కాగితం మ్యాట్ తీసుకోండి, మెరిసే కాగితం మెత్తదనాన్ని ఎత్తిచూపిస్తుంది. ల్యాబులో 'ఆటో కరెక్షన్ వేయొద్దు' అని నోటితో చెప్పండి, లేకపోతే మీరు దిద్దిన రంగులు మళ్ళీ మారిపోతాయి.

12×18 నిండా ఆయన రూపమే ఉండాలని ఇంట్లో పట్టుబడితే, వీడియోలోంచి తీసిన నాలుగైదు బొమ్మలు, ఇంట్లో ఉన్న పాత ఫొటోలు కలిపి మంచి చిత్రకారుడికి ఇవ్వండి. పెన్సిల్‌తో గాని రంగులతో గాని వేయించిన పటం ఎంత పెద్దదైనా తేటగా ఉంటుంది. గీసేటప్పుడు అమ్మగారు ఒక్కసారి పక్కన కూర్చుని 'ముక్కు ఇంకాస్త కొనదేలి ఉండేది' అని చెప్పగలుగుతారు.

మీ దగ్గర ఉన్నది వీఓబీనా, ఎంపీ4నా, గ్రూపు ఫొటోల ఘట్టంలో ఆయన ముఖం గడ్డం నుంచి నుదుటి దాకా సుమారు ఎన్ని పిక్సెళ్ళు వస్తోందో ఇక్కడే రాయండి. 150కి తక్కువైతే 6×8 కూడా వద్దు, 4×6 తోనే ఆపమంటాను.